ఏలూరు తివాచీలో లేని ఊరు

కొల్లేరు చూశామని మీరు చెప్పేది అబద్ధం. మీరు చూసింది ఒక కరపత్రాన్ని, ఒక పక్షుల టవరుని, మీ కెమెరాలో పడ్డ నాలుగు గూడబాతుల్ని. ఆ నీళ్ళ మధ్య మనుషులున్నారని, పొద్దున్నే లేచి పొయ్యి వెలిగించుకుంటారని మీకు తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. సరస్సులో వేసిన చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేశాక అక్కడి కూలీలు ఏమయ్యారని క్రిందటి నెల ఈ బ్లాగులో అడిగితే, మీలో తొమ్మిదిమంది నాకు ఉత్తరాలు రాశారు. "ఇప్పుడు సరస్సు చాలా బాగుంది, ఏలూరులో టూరిస్టు సమాచార కేంద్రానికి వెళ్ళండి, కాగితం ఇస్తారు, ఒక్క పూటలో చూసి వచ్చేయొచ్చు" అని సలహా. తొమ్మిది ఉత్తరాల్లోనూ అదే దారి. ఒక్క మనిషి పేరు లేదు. ఆ కోపంతోనే బయల్దేరాను, మీరు వెళ్ళిన గదికే.

తాడేపల్లిగూడెంలో ఆరూ ముప్పావుకి పాసింజరు ఎక్కాను. టికెట్టు పది రూపాయలు. చలికాలం చివరి రోజులు. రెండో పంట దాళ్వా నాట్లకి దమ్ము చేసిన చేలల్లో నీళ్ళు కదలకుండా నిలబడి ఉన్నాయి. మంచు వాటి మీద పడుకుని ఇంకా లేవలేదు. రైలు నేల మీద నడుస్తోందో నీళ్ళ మీద నడుస్తోందో చాలాసేపు తెలియలేదు. కోపం కూడా కాసేపు కునుకు తీసింది. ఎనిమిది కాకుండానే ఏలూరులో దిగి, స్టేషను బయట పెసరట్టు తిని, కాలవ పక్కనున్న ఆ కేంద్రానికి నడిచాను. బోర్డు మీద పదింటికి తెరుస్తామని ఉంది. తెరిచింది పదీ ఇరవైకి.

తెరిచినాయన పేరు మస్తాన్. యాభై అయిదేళ్ళుంటాయి. గది తాళం, కరపత్రాల కట్ట, సందర్శకుల రిజిస్టరు, అన్నీ ఆయన చేతిలోనే. ఎదురుగోడ మీద, ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఎనిమిది అడుగుల ఉన్ని తివాచీ. అదే కొల్లేరు మ్యాపు. ఏలూరు తివాచీల గురించి మీరు వినే ఉంటారు. ఈ తివాచీని ఆరేళ్ళ క్రితం మస్తాన్ గారు, ఆయన అన్న కలిసి తమ మగ్గం మీద నేశారట. తర్వాత మగ్గం ఆగిపోయింది, ఈయన ఇక్కడ కాపలాకి చేరారు. ముదినేపల్లి వైపు పచ్చ, రోడ్లు ఎరుపు, మధ్యలో సరస్సంతా నీలం. ఊళ్ళ పేర్లు గుడ్డముక్కల మీద రాసి కుట్టారు. దగ్గరికెళ్తే ఆ నీలంలోకి చెయ్యి పెట్టి చూడాలనిపిస్తుంది.

"కొల్లేరుకాండీ?" అంటూ నాకో కరపత్రం ఇచ్చారు.

బల్ల మీద కూర్చున్న ఒకామె నవ్వింది. ఒళ్ళో స్టీలు క్యారేజీ. "ఆ కాగితంలో మా ఊరు వెతకండి అక్కగారూ. దొరికితే మీకు కొర్రమీను పులుసు పెడతాను."

"ఏ ఊరమ్మా?"

"కిక్కిసలంకండి. అరవై ఇళ్ళు. నా పేరు నాగమణండి."

కరపత్రంలో లేదు. ఆమె లేచి వెళ్ళి తివాచీ మీద వేలు పెట్టింది. అక్కడంతా నీలమే. "ఇదిగోనండీ, ఇక్కడ ఉంటాం. మస్తాన్ గారు మమ్మల్ని ముంచేశారు."

"నేను కాదు తల్లీ, కాగితం ముంచింది," అన్నారు ఆయన, తివాచీ అంచు సరిచేస్తూ.

జరిగింది ఇది. తివాచీ నేతకి ముందు గళ్ళ కాగితం మీద రంగులు వేసిన బొమ్మ వస్తుంది. దాన్ని వీళ్ళు నక్షా అంటారు. ఒక్కో గడికి ఒక్కో ఉన్ని ముడి. హైదరాబాదులో కూర్చుని ఆ నక్షా గీసినాయన, సరస్సు హద్దు లోపల ఉన్న గళ్ళన్నింటికీ నీలం పూసేశాడు. మస్తాన్ గారు నీలమే వేశారు. ఇంతవరకైతే గోడ మీద బొమ్మే కదా అని మీరు అనొచ్చు. కానీ సందర్శకుల్ని దోనెల మీద తిప్పడానికి ఏయే ఊళ్ళవాళ్ళకి పర్మిట్లు ఇవ్వాలో ఇప్పుడు జాబితా రాస్తున్నారు. ఆ గదిలో వేరే మ్యాపు లేదు. మర్నాడు పదకొండింటికి అధికారి వచ్చి, ఈ తివాచీ ముందు కుర్చీ వేసుకుని, కనిపించిన ఊళ్ళ పేర్లు రాసుకుంటాడు. తివాచీలో లేని ఊరికి పర్మిట్టు లేదు.

నాగమణి, ఆమె భర్త పోతురాజు ఒక చేపల చెరువు గట్టు మీద పదేళ్ళు కాపలా ఉన్నారు. గట్టు పోయింది, పని పోయింది. చెరువుల్ని నేను సమర్థించడం లేదు. గట్లు వేసుకుని లాభం తిన్నవాళ్ళు ఊళ్ళల్లో మేడల మీద ఉన్నారు, గట్టు కాచినవాళ్ళు నీళ్ళల్లో మిగిలారు. అదీ నా గొడవ. ఆ ఇద్దరూ తమకున్న రెండు తాటిదోనెల్ని వెదురు కట్టి కలిపారు. పర్మిట్టు వస్తే మనుషుల్ని తిప్పి బతుకుతారు. రాకపోతే పెదవేగి వెళ్ళి పామాయిలు తోటల్లో గెలలు కోయాలి. ఊరు వదలడమే. నాగమణి ఈ గదికి రావడం అది నాలుగోసారి.

"మస్తాన్ గారూ, ఆ ఊరు ఉందా, లేదా?" అన్నాను.

"ఉందంటున్నారు కదండీ."

"అంటున్నారేమిటి? మీరు చూడలేదా?"

ఆయన నేల వైపు చూశారు. "కొల్లేరే చూడలేదండీ. ఆరేళ్ళ నుంచి ఇక్కడ కూర్చుని అందరికీ దారి చెబుతున్నాను. గది తెరిచి ఉంచాలి కదండీ."

"నాలుగు ముడులు విప్పి వేరే రంగు వేయడానికి ఏం?"

"నక్షాలో లేని ముడి వేస్తే మా నాన్న ముడులు దిగగొట్టే ఇనుప దువ్వెనతో వేళ్ళ మీద కొట్టేవారండీ. కాగితం తప్పయితే కాగితమే మార్చాలి గానీ, మగ్గం మీద మార్చకూడదు."

"అయితే ఆ కాగితం గీసినాయన చూశారేంటండీ మా ఊరు?" అంది నాగమణి.

"ఆయనకి ఏలూరే తెలీదమ్మా."

"మీకూ తెలీదు, ఆయనకీ తెలీదు. ఇద్దరూ కలిసి భలే నేశారండీ."

ఇక నేను వాదన మొదలుపెట్టాను. చూడని చోటు గురించి సమాచారం ఇవ్వడాన్ని ఏమంటారని అడిగాను. ఇంకా చాలా అన్నాను, అవన్నీ ఇక్కడ ఎందుకు. చివరికి ఆయన ఒక అట్టముక్క తీసుకుని రాశారు: "సమాచారం కోసం వెళ్ళాను. నాలుగున్నరకి వస్తాను." తలుపుకి తగిలించి తాళం వేశారు.

పదకొండింటికి కైకలూరు వైపు వెళ్ళే పల్లెవెలుగు బస్సు ఎక్కాం. తొమ్మిది రూపాయలు, ముప్పావుగంట. కండక్టరు మస్తాన్ గారిని గుర్తుపట్టి, "మీరు కూడా కదులుతారేంటండీ?" అన్నాడు. రోడ్డు గట్టు దగ్గర దిగితే పోతురాజు దోనెలతో ఉన్నాడు. మస్తాన్ గారు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, మసీదులోకి అడుగుపెట్టినంత జాగ్రత్తగా ఎక్కారు.

కొల్లేటివాళ్ళు దూరాన్ని మైళ్ళలో చెప్పరు. గెడ ఎన్నిసార్లు నేలకి గుచ్చి తోస్తే చేరతామో చెబుతారు. "మా ఊరికి రెండొందల ఎనభై గెడలండి. పక్షుల టవరుకైతే ఆరొందలు," అన్నాడు పోతురాజు. మస్తాన్ గారు ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నారు. "తివాచీలో ఈ గట్టుకీ టవరుకీ మధ్య ముప్పై ముడులు. అంటే ముడికి ఇరవై గెడలు," అన్నారు. జేబులోంచి ఎర్ర ఉన్నిపోగు తీశారు. మగ్గం ఆగి ఆరేళ్ళయినా ఆ జేబులో పోగు ఉంటుంది కాబోలు. పోతురాజు దక్షిణంగా ఇరవైసార్లు తోసినప్పుడల్లా పోగుకి ఒక ముడి వేస్తూ వచ్చారు.

నీళ్ళు మోకాటి లోతు, అయినా ఆకాశమంతా వాటిలోనే ఉంది. కొట్టేసిన గట్లు అక్కడక్కడ మట్టిదిబ్బలై, వాటి మీద గడ్డి మొలిచి, ఎప్పటివో పాత ఊళ్ళలా ఉన్నాయి. కిక్కిస రెల్లు రెండు పక్కలా తల వంచి, మేం వెళ్ళగానే మళ్ళీ నిలబడుతోంది. గూడబాతులు తెల్లగా, బరువుగా, ఎవరో మర్చిపోయిన దిండ్లలాగా తేలుతున్నాయి. వెలుగు పైనుంచి వస్తోందా, కిందినుంచి వస్తోందా? గెడ నీళ్ళలోంచి పైకి వచ్చేటప్పుడు చుక్కలు రాలే చప్పుడొక్కటే ఉంది. జీవితమంతా సభల్లో మాట్లాడినదాన్ని. ఆ చప్పుడుతో వాదించాలని నాకు అనిపించలేదు. మస్తాన్ గారి పెదాలు మాత్రం లెక్కతో కదులుతున్నాయి.

పోగు మీద పధ్నాలుగో ముడి పడ్డాక రెల్లు పక్కకి తొలిగి ఊరు కనిపించింది. ఎత్తుగా పోసుకున్న దిబ్బ, ఎండిన రెల్లు కప్పులు, ఒకే గది బడి. బళ్ళోంచి ఎక్కం వినిపిస్తోంది. నాగమణి అత్తగారు సత్తెమ్మ గుమ్మంలో వల బాగుచేసుకుంటోంది. మేం ఎవరెవరమో కోడలు చెప్పగానే, ఆమె మస్తాన్ గారిని కింది నుంచి పైదాకా చూసింది.

"మా మీద నీళ్ళు పోసింది మీరేనాండీ?"

"అవునండీ," అన్నారు ఆయన.

"మేం నీళ్ళలో ఉంటాం బాబూ, నీళ్ళ కింద కాదు. కూర్చోండి, అన్నం తిందురుగాని."

కరపత్రంలో ఊరు దొరక్కపోయినా పులుసు దొరికింది. కొర్రమీను, పుల్లటి చింతపండు, ఎర్రగా కారం. డబ్బులివ్వబోతే సత్తెమ్మ వల వైపు తిరిగిపోయింది. మస్తాన్ గారు తిన్నాక ఊరంతా ఒక చుట్టు నడిచారు. కప్పు మీది రెల్లు ఒక పుల్ల తుంచి, ఎండలో పట్టుకుని చూసి, జేబులో పెట్టుకున్నారు.

నాలుగున్నరకి మళ్ళీ గదిలో ఉన్నాం, నాగమణితో సహా. మస్తాన్ గారు బల్ల ఎక్కారు. ముడులు వేసిన పోగు పట్టుకుని, దాని మీది ఒక్కో ముడికీ తివాచీలో ఒక్కో ముడి చొప్పున, గట్టు దగ్గర నుంచి దక్షిణంగా పధ్నాలుగు లెక్కపెట్టి, అక్కడ వేలు ఆన్చారు. ఆ వేలి మీదే కదా దువ్వెన పడేది. తర్వాత సూది, కత్తెర తీసుకుని ఒక్కొక్క నీలం ముడినీ విప్పారు. తొమ్మిది. రెల్లుపుల్లని పక్కన పెట్టి, తివాచీ వెనక మిగిలి వేలాడుతున్న పోగుల్లో దాని రంగుకి దగ్గరైనది వెతికారు. తొమ్మిది కొత్త ముడులు వేసి, దువ్వెనతో దిగగొట్టి, పక్క ఉన్నితో సమంగా కత్తిరించారు. అంగుళంలో సగం ఉంది ఊరు.

"ఇంతేనాండీ మేం?" అంది నాగమణి.

"కొలత ఇంతే తల్లీ."

గుడ్డముక్క మీద పేరు రాయించి, ఆమే కుట్టింది. నేను ఏడింటి పాసింజరుకి గూడెం వచ్చేశాను.

మర్నాడు మధ్యాహ్నం మస్తాన్ గారు ఫోను చేశారు. అధికారి కుర్చీ వేసుకుని, పేర్లు రాసుకుంటూ, కిక్కిసలంక దగ్గర ఆగాడట. "ఇది ముందు నుంచీ ఉందా?" అని అడిగాడట. "మనకంటే ముందు నుంచీ ఉందండీ," అన్నారట ఈయన. రాసుకున్నాడు.

జాబితా పైకి వెళ్ళింది. ఇది రాస్తున్నరోజుకి పర్మిట్టు ఇంకా రాలేదు. కళ్ళు మూసుకుంటే నాకు ఆ చుక్కల చప్పుడే వినిపిస్తోంది. దాని వెనకే బళ్ళోంచి వచ్చిన ఎక్కం. ఆ రెండోది లేకుండా మొదటిది అందమని చెప్పుకునే హక్కు మనకి లేదు. యాభై ఏళ్ళు దాటాక ఒక నేతగాడు తండ్రి మాట దాటి, చూసినదాన్ని నేశాడు. మనం చదువుకున్నవాళ్ళం, చూసి కూడా నీలమే పూస్తున్నాం. వెళ్ళేవాళ్ళకి ఒకటే సూచన: కేంద్రంలో "చూడాల్సినవి ఏమున్నాయి" అని అడక్కండి, "తీసుకెళ్ళేది ఎవరు" అని అడగండి. పదకొండింటి బస్సు తప్పితే తిరుగు బస్సుకి ఇబ్బంది.

మా డిమాండ్లు:

కిక్కిసలంకకి పర్మిట్టు ఈ చలికాలం పక్షులు వెళ్ళిపోకముందే ఇవ్వాలి.

కరపత్రం మళ్ళీ అచ్చువేయాలి. సరస్సులో ఉన్న ప్రతి ఊరినీ, ఆ ఊరివాళ్ళని అడిగి, అందులో వేయాలి.

మ్యాపు గీసేవాళ్ళు గీసే ముందు ఒకసారి దోనె ఎక్కాలి.

సమాచార కేంద్రంలో పనిచేసేవాళ్ళకి నెలకి ఒకరోజు కొల్లేరులో డ్యూటీ వేయాలి.

మీరు వెళ్ళినప్పుడు రిజిస్టరులో "ఎక్కడికి" అన్నచోట కొల్లేరు అని రాయకండి. ఊరి పేరు రాయండి.

ఆ తొమ్మిది ముడుల్ని ఎవరూ విప్పకూడదు.