ఉడుంపట్టు

కెమెరాల పత్రికలో పనిచేసే ఆమెను ఆఫీసులో అందరూ ఉడుంపట్టు అంటారు. ఏ కొత్త మిర్రర్‌లెస్ కెమెరా వచ్చినా పొద్దున్నే మైదానానికి తీసుకెళ్లి, మట్టిలో మోకాళ్లూని, ఎదురుగా పరుగెత్తుకొచ్చే తన అక్కను వరసగా ఫొటోలు తీస్తుంది. కదిలే మనిషి ముఖాన్ని కెమెరా తనంతట తానే గుర్తుపట్టి, దానిమీద ఫోకస్ ఎంతసేపు నిలుపుతుందో చూడడమే పరీక్ష. అక్క ముఖం చిన్నప్పుడే సగం కాలిపోయింది. ఈసారి పరీక్షించిన మూడు కెమెరాల్లో చవకది అక్కను చివరిదాకా వదల్లేదు. అన్నిటికంటే ఖరీదైనది మాత్రం ఆమెను వదిలేసి వెనకున్న కంచెను పట్టుకుంది. ఉడుంపట్టు అదే రాసింది.

"ఇంకెవరినైనా పరుగెత్తించి మళ్లీ తియ్యమ్మా, మామూలు ముఖంతో," అన్నాడు సంపాదకుడు.

ఆమె కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంది. "మా అక్కది ముఖం కాదాండీ? పోల్చుకోలేకపోతే తప్పు కెమెరాది."

"కంపెనీవాళ్లు ఊరుకోరు."

"రమ్మనండి. వాళ్ల ముందే తీసి చూపిస్తా. ఒక్క అక్షరం మార్చినా రేపట్నుంచి నేను రాను."

సంపాదకుడు రెండు రోజులు నానబెట్టి, చివరికి ఉన్నదున్నట్టే అచ్చువేశాడు. పత్రిక చేతికి రాగానే అక్క వ్యాసం జోలికే పోలేదు. పేజీ నిండా ఉన్న తన బొమ్మను చాలాసేపు చూసి, "నా పరుగు భలే ఉందే!" అంది.