ఎత్తు పెంచిన జీపు

నిన్న ఎడపల్లి దగ్గర బస్సు కోసం నిలబడి ఉంటే ఎత్తు పెంచిన జీపొకటి బోధన్ వైపు పోయింది. పెద్ద టైర్లు, లోపల పెద్దగా పాటలు. ఆ పాటల అడుగున సన్నని మూలుగు. పక్కనున్నావిడ చెరకు ధర గురించి ఏదో అంటోంది. నేను తలూపుతున్నాను గానీ, జీపు మలుపు తిరిగేదాకా ఆ మూలుగే విన్నాను.

మా ఆయన కూడా ఏళ్ల కిందట అట్లాగే తన జీపు ఎత్తు పెంచాడు. వానల్లో చెరకు బాటల మధ్యనున్న గట్టు బండి పొట్టకు రాసుకునేది. స్ప్రింగుల దగ్గర ఇనుప దిమ్మలు పెట్టించి, పెళ్లికొడుకులా ఇంటి ముందు దిగాడు. "ఇగ సూడు, వాగుల దిగినా పొట్ట తాకది" అన్నాడు. పొట్ట తాకలేదు నిజమే, కొత్తగా మూలుగు మొదలైంది. వేగం కొంచెం పెరిగితే చాలు, సీటు కింద ఎవరో పంటినొప్పితో పడుకున్నట్టుండేది. రేపు చూపిస్తా, ఎల్లుండి చూపిస్తా అంటూనే ఒక పొద్దున చెరకుకు నీళ్లు పెడుతూ గుండె పట్టుకుని కూర్చున్నాడు. ఆ జీపులోనే ఆసుపత్రికి తీసుకుపోయారు. మనిషి దక్కలేదు.

నాకు ఏడుపు రాలేదు. పరామర్శకు వచ్చినవాళ్లు నా ముఖంలో దాని కోసం వెతికి, దొరక్క టీ తాగి వెళ్లేవాళ్లు. ఆయన పోయిన తీరు అడిగితే నేను జీపు సంగతి చెప్పేదాన్నట. ఒకాయన మర్యాదకు గేర్ ఆయిల్ మార్చి చూడమని కూడా చెప్పాడు. మా బావగారు మాత్రం పొలం కౌలుకిచ్చి బండి అమ్మేయమన్నాడు. ఆడమనిషి వల్ల చెరకు కోతలు కావన్నది ఆయన లెక్క. కోతలు నేనే చేయిస్తానన్నాను. ధైర్యం ఉండి కాదు, భయపడడానికి కూడా ఏ భావమూ లేక.

కోతలకు ముందు నిజామాబాద్‌లో మెకానిక్‌కు చూపించాను. వెనక చక్రాలను తిప్పే షాఫ్ట్ ఊడితే నడిరోడ్డు మీద బండి తిరగబడుతుందని అతను ముందే భయపెట్టాడు. చప్పుడు టైర్లదేమోనని వేరే టైర్లు బిగించి చూశాడు. షాఫ్ట్‌కు రెండు కొసలా ఉండే జాయింట్లు మార్చాడు. మూలుగు అట్లాగే ఉంది. ఆయిల్ కూడా మార్చాం, ఆ పరామర్శకాయన మాట వృథా పోకుండా.

చివరికి మా ఆడబిడ్డ నాతో బయలుదేరింది. అన్నంటే ప్రాణం ఆమెకు. నేను నడుపుతుంటే జీపు వెనక భాగంలో బోర్లా పడుకుని, అడుగు రేకుకు చెవి ఆనించింది. ఎదురొచ్చిన ట్రాక్టరువాళ్లు వంగి చూస్తూ పోయారు.

"వదినె, కాలు తియ్యి" అంది. యాక్సిలరేటర్ మీంచి తీశాను. "మళ్ల తొక్కు" అంది. తొక్కాను. "తొక్కితెనే మూలుగుతుంది, తీస్తె బందైతుంది. గీ మాటనే మెకానిక్‌కు చెప్పు."

ఆ మాట వినగానే మెకానిక్ జీపు కిందికి దూరాడు. చాలాసేపు బయటికి రాలేదు.

"దిమ్మలు పెట్టినంక వెనక ఇరుసు నడుమున్న హౌసింగ్ మూతి కిందికి వాలింది అక్కా. షాఫ్ట్ దానికి వంకరగ కలుస్తున్నది. నేనే ముందు సూడాల్సింది" అన్నాడు. ఒక వైపు పల్చగా, ఒక వైపు మందంగా ఉన్న ఇనుప ముక్కలు చేయించి, స్ప్రింగులకూ ఇరుసుకూ మధ్య బిగించాడు. మూతి తిన్నగా లేచింది.

తిరుగు దారిలో జీపు మామూలు బండిలా పోయింది. మా ఆడబిడ్డ ముందు సీట్లో కూర్చుని, జానకంపేట దాటాక మెల్లగా, "అన్న ఉంటె మస్తు సంబురపడుతుండె" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇల్లు చేరేదాకా ఏడ్చింది. నేను రోడ్డు చూస్తూ నడిపాను. తోడుగా ఏడవాలని తెలుసు. ఎక్కణ్నుంచి తేవాలో తెలియలేదు.

ఆ ఏడు కోతలు నేనే చేయించాను. జీపులో తోటకు పోయి, కూలీలతో మాట్లాడి, లారీలు నింపించి పంపాను. బావగారు ఒకసారి వచ్చి గట్టు మీద నిలబడి చూసి వెళ్లాడు. ఏడుపు ఆ తర్వాత ఎప్పుడో వచ్చింది, కూర తరుగుతుంటే, ఏ కారణమూ లేకుండా. ఆ వానకాలమూ, ఆ చలికాలమూ నా వయసులో కలిసిపోయాయి గానీ, వాటిలో నేను బతికినట్టు మాత్రం ఇప్పటికీ అనిపించదు.