లారీ ఆఫీసంతా పెళ్లిచూపులకి వెళ్లిన మంగళవారం

నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు. నేను ఒక్కటంటే ఒక్క నిజం రాసి, సాలూరులో అప్పటికే అయిపోయిన పెళ్లిళ్లన్నీ చెడగొట్టబోయాను. ఆ పుణ్యం ఎలా మూటగట్టుకున్నానో చెబుతాను, మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు. ఫోను మోగితే చాలు కుర్చీలోంచి లేచి నిలబడిపోయేదాన్ని.

డిగ్రీ అవగానే సాలూరులో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో చేరాను. కంప్యూటరు ముందు కూర్చోగలిగేది నేనొక్కదాన్నే కాబట్టి, కొత్తగా ఒక యాప్ వచ్చినప్పుడు దాని పెత్తనం నాకు అప్పగించారు. ఆఫీసు కబుర్లు, లోడు వివరాలు, సెలవులు, అన్నీ అందులోనే. అన్నిటికన్నా ముఖ్యం టైంషీటు. ఎవరు ఏ రోజు ఎన్ని గంటలు పనిచేశారు, తక్కువైతే ఎందుకు తక్కువైంది, అన్నీ అందులో ఎక్కించాలి. డ్రైవర్లు స్టీరింగు వదిలి అవన్నీ ఎక్కడ కొడతారు? అందుకని వారానికోసారి వాళ్లందరివీ నేనే నింపేదాన్ని.

మా మేనేజరు ఆదినారాయణ గారికి నిజమంటే మహా పట్టింపు. యాప్ వచ్చిన రోజునే అందర్నీ నిలబెట్టి చెప్పారు.

"కారణం దగ్గర ఉన్నదున్నట్టు రాయాలి. అమ్మా ఝాన్సీ, అందరికన్నా ముందు నువ్వు రాసి సూపించాలి. నువ్వు రాసింది నేను తప్ప ఇంకో పురుగు సూడదు."

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి మీకు తెలియాలి. లారీ డ్రైవరు ఎక్కడైనా తన నంబరు ఇవ్వడు, భార్య నంబరు ఇస్తాడు. ఆయన ఫోను సగం రోజులు ఒడిశా ఘాట్ రోడ్డు మీద సిగ్నలు లేకుండా పడుంటుంది. మిగతా సగం రోజులు చార్జింగు లేకుండా పడుంటుంది. ఇంట్లో భార్య చేతిలో ఉన్నదే అసలు ఫోను. యాప్‌లో నంబర్లు ఎక్కించిన రోజున కూడా అందరూ ఇంటి నంబర్లే చెప్పారు. అందరికీ ఆదర్శంగా ఉండాలని ఆదినారాయణ గారు కూడా వాళ్ల ఆవిడ నంబరే ఇచ్చారు. నేను మా అమ్మ నంబరు ఇచ్చాను.

ఇక ఆ మంగళవారం. పొద్దున్న నాకు పెళ్లిచూపులు. అబ్బాయి పేరు రమణ, కొత్తవలసలో లారీలు తూచే కాటా దగ్గర గుమాస్తా. మాట నెమ్మది, నవ్వు ఇంకా నెమ్మది. దాచుకోవడం ఎందుకు, నాకు బాగా నచ్చేశాడు. ఆదివారం లోపల కబురు చెబుతామని వాళ్ల పెద్దవాళ్లు వెళ్లిపోయారు. వాళ్లు వీధి మలుపు తిరిగారో లేదో, మా అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఒలే, ఆళ్ల కబురొచ్చీ వరకూ ఎవరికీ సెప్పకు. ఇంతకుముందు రెండు సంబంధాలూ అలాగే పోయినాయి. ఎవులో ఒకలు ఎల్లి, పిల్లకి నోరెక్కువని సెప్పీసినారు."

"నాకు నోరెక్కువేటమ్మా?"

"ఇదిగో, ఇదే."

నేను నోరు మూసుకుని మధ్యాహ్నం ఆఫీసుకి వెళ్లాను. కారణం దగ్గర మేనేజరు గారి మాట ప్రకారం "పెళ్లిచూపులు, సగం పూట సెలవు" అని రాశాను. ఇంకో పురుగు చూడదన్నారు కదా అని ధైర్యం.

సరిగ్గా ఆ పొద్దున్నే ఘాట్ మీద కొండరాళ్లు జారి దారి మూసుకుపోయింది. మా బళ్లన్నీ సగం పూట యార్డులోనే నిలబడిపోయాయి. అంటే ఆ రోజు డ్రైవర్లందరిదీ నాలాగే సగం పూట పని. శనివారం టైంషీట్లు నింపుతుంటే ఈ సంగతి గుర్తొచ్చి నా బుర్ర పాదరసంలా పనిచేసింది. ఒక్కొక్కరిదీ విడిగా కొట్టడం ఎందుకు? నా టైంషీటు తెరిచాను. కింద "అందరికీ ఇలాగే నింపు" అని ఒక బటను ఉంది. నొక్కాను. గంటలు టకటకా నిండిపోయాయి. గంటలతో పాటు ఇంకేం నిండిందో చూడకుండా "ఆమోదం" కూడా నొక్కి, టీ తెప్పించుకున్నాను. అంత తృప్తిగా టీ తాగడం నా జీవితంలో అదే మొదలు.

టీ సగంలో ఉండగా మా అమ్మ ఫోను చేసింది.

"ఏటే, నోరు మూసుకోమంటే ఆపీసులో సాటింపు ఏయించీసినావా? నా పోనుకి వొచ్చినాది. మంగళవారం, సగం పూట, కారణం పెళ్లిచూపులు, అని ఉన్నాది."

గంటలు తక్కువైన టైంషీటు ఆమోదిస్తే కారణంతో సహా ఇంటి ఫోనుకి మెసేజిగా వెళ్తుందని నాకు ఎవరూ చెప్పలేదు. టీ పక్కన పెట్టి డ్రైవర్ల పేజీ తెరిచాను. పైడిరాజు, మంగళవారం, పెళ్లిచూపులు. ఎర్రయ్య, మంగళవారం, పెళ్లిచూపులు. కిందికి జరిపేకొద్దీ అదే. మనవల్ని ఎత్తుకునే వయసువాళ్లతో సహా మా సంస్థ మొత్తం ఒకే పొద్దున పెళ్లిచూపులకి వెళ్లొచ్చింది.

ఆఫీసు ఫోను మోగడం మొదలైంది. తియ్యడానికి భయపడి దాని మీద ఫైలు పెట్టాను. ఫైలు కింద కూడా మోగింది. అంతలో గుమ్మంలో పైడిరాజు భార్య పైడమ్మ నిలబడింది. పైడిరాజు సంగతి చెప్పాలి మీకు: ఎదురుగా బర్రె నిలబడినా హారను కొట్టడానికి మొహమాటపడే మనిషి. ఆవిడకి ఆ మొహమాటం ఒక్క చుక్క కూడా అంటలేదు.

"ఏటమ్మా జాన్సీ, మా గుంటల తండ్రికి, పిల్లలున్నోడికి, పెళ్లిసూపులేటి? నాను సచ్చిపోనానేటి?"

"అబ్బే, అది పొరపాటు పైడమ్మక్కా. ఆ రోజు దారి మూసేశారు కదా, బళ్లన్నీ యార్డులోనే..."

"అదే నానూ అడుగుతన్నాను! యార్డులో ఉన్నానని నాకు సెప్పినాడు. పెళ్లిసూపులకి ఎల్లాడని నువ్వు రాసినావు. ఎవరిది నిజిం?"

చూశారా, నా ఖర్మ! బళ్లు కదలకపోవడమే వాళ్ల మీద సాక్ష్యమైంది. లారీ పరుగెత్తుంటే డ్రైవరు పెళ్లిచూపులకి ఎలా వెళ్తాడు? నిలబడింది కాబట్టే వెళ్లాడు.

"పోనీ ఆయనకే ఫోను చేసి అడుగక్కా."

"సేసినాను. కట్టీసి ఉన్నాది. తప్పు సెయ్యనోడు పోనెందుకు కట్టేస్తాడు?"

ఘాట్ మీద సిగ్నలు ఉండదని నేను చెప్పేలోపు ఇంకో అరడజను మంది ఆడవాళ్లు లోపలికి వచ్చారు. వాళ్ల వెనకాల, కర్ర పట్టుకుని, ఎర్రయ్య భార్య సూరమ్మ. ఎర్రయ్య వచ్చే ఏడాది పని మానేసే మనిషి.

"నువ్వెందుకొచ్చావు పిన్నీ?" అన్నాను ఏడుపు గొంతుతో.

"ఈ వయసులో మా ముసిలోడికి పిల్లనిస్తానన్న మారాజు ఎవులో, ఆణ్ని ఓపాలి సూసిపోదామని వొచ్చాను తల్లీ."

గోల విని ఆదినారాయణ గారు తన గదిలోంచి బయటికి వచ్చారు. విషయం వినగానే మొహం ఎర్రబడింది.

"ఝాన్సీ! ఏటిది? బాధ్యత ఉండక్కర్లేదూ? ఇంత పెద్ద సంస్థలో, ఇంతమంది సంసారాలు..."

ఆయన జేబులో ఫోను మోగింది. వాళ్లావిడ. ఆవిడ గొంతు ఫోను చెవికి ఆనించినా గదంతా వినిపించే గొంతు.

"మంగళారం గుడికి రమ్మంటే ఆపీసులో పనున్నాదన్నారు. ఇదేనా ఆ పని?"

'అందరికీ' అంటే అందరికీ అట. బటనుకి మేనేజరని మర్యాద ఏమీ లేదు. ఆయన ఫోను పట్టుకుని "కాదే... నా మాట విను... అది ఝాన్సీ..." అంటూ గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. నాకున్న ఒక్క దిక్కూ అలా లోపలికి పోయింది.

ఇక నేను తెలివి చూపించాను. తెలివి చూపించాల్సిన సమయంలో చూపించలేదు, ఇప్పుడు చూపించాను. గబగబా అందరి షీట్లలోంచీ ఆ కారణం తీసేసి మళ్లీ ఆమోదించాను. హమ్మయ్య అనుకునేలోపు ఆడవాళ్ల చేతుల్లోని ఫోన్లన్నీ ఒక్కసారి కూశాయి. పైడమ్మ గట్టిగా చదివింది: "సవరణ. మంగళవారం. పెళ్లిచూపులు తొలగించబడినవి."

ఆడవాళ్లంతా ఒకరి ఫోన్లోకి ఒకరు తొంగి చూశారు.

"సూసినారా," అంది పైడమ్మ నెమ్మదిగా, "దొరికిపోయేసరికి తుడిసేస్తన్నారు."

అడుసు తొక్కనేల కాలు కడుగనేల అంటారు. నేను తొక్కిన అడుసుతోనే కాలు కడిగాను. పైడమ్మ కొంగు నడుముకి దోపింది.

"నాను మా అన్నదమ్ముల్ని తీసుకుని ఘాట్ కింద కాపు కాస్తాను. బండి దిగనీ, సెప్తాను. ఆ తరవాత మా పుట్టింటికి ఎల్లిపోతాను. గుంటల్ని ఆ కొత్త పెళ్లామే సూసుకుంటాది."

అప్పటిదాకా గట్టిగా అరిచిన మనిషి గొంతు ఆ చివరి మాట దగ్గర పగిలింది. కళ్లు తుడుచుకుంది. నాకు ప్రాణం చచ్చిపోయినట్టైంది. ఆ పైడిరాజు పాపం ఏ మలుపులోనో బండి ఆపుకుని పెళ్లాం కట్టిన చద్ది తింటూ ఉంటాడు, కింద తన కోసం బావమరుదులు కర్రలతో కాచుక్కూర్చోబోతున్నారని అతనికేం తెలుసు?

దీన్ని ఆపే మాట నా దగ్గర ఒక్కటే ఉంది. అది అన్నానంటే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, ఎవరో ఒకరు కొత్తవలస వెళ్లి ఏదో ఒకటి చెబుతారు, మూడో సంబంధం కూడా పోతుంది. రమణ నవ్వు గుర్తొచ్చింది. పైడమ్మ తడి కళ్లు ఎదురుగా ఉన్నాయి. ఏం చెయ్యను, మీరే చెప్పండి?

"పెళ్లిచూపులు నావి!" అని అరిచాను. "నాకే జరిగాయి. నాది రాయబోయి అందరికీ రాసేశాను. మీ మొగుళ్లకి ఏ పాపం తెలీదు!"

అని, బల్ల మీద తలపెట్టి ఏడ్చాను.

సూరమ్మ కర్ర చప్పుడు దగ్గరికి వచ్చింది.

"ఏ ఊరే?"

"కొత్తవలస."

"పిల్లడేటి సేస్తాడు?" అంది ఇంకొకావిడ.

"తల మీద జుత్తున్నాదా?" అంది మరొకావిడ.

"నీకు నచ్చినాడా?" అంది పైడమ్మ. కొంగు ఎప్పుడు వదిలేసిందో తెలీదు, నా పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

మంగళవారం నాడు రమణ ఇంటివాళ్లు నన్ను అడిగింది వంట వచ్చా, ఉద్యోగం చేస్తావా అని రెండు ప్రశ్నలు. వీళ్లు అడిగినవాటికి జవాబు చెప్పేసరికి గొంతు ఎండిపోయింది. కబురు ఇంకా రాలేదని, ఈ సంగతి బయటికి పొక్కితే రాదేమోనని కూడా చెప్పుకున్నాను.

"ఎవులం సెప్పంలే," అని పైడమ్మ ఒట్టేసింది. "గానీ ఒక మాట. సూపులకి మా మొగుళ్లందర్నీ తీసుకుపోయినావు. పెళ్లికి మమ్మల్ని పిలవకపోతే అప్పుడు సెప్తాను నీ పని."

వాళ్లు నిజంగానే ఎవరికీ చెప్పలేదు. చెప్పింది మగాళ్లు. అప్పటికే మా బళ్లు రెండు మైదానంలోకి దిగి, లోడు తూయించుకోడానికి కొత్తవలసలో ఆగాయి. సిగ్నలు రాగానే ఒక్కొక్కడికి పొద్దుటి నుంచి దాచిపెట్టిన తిట్లన్నీ ఒక్కసారి అందాయట. వాళ్లు అక్కడే, కాటా మీదే నిలబడి, నా పేరెత్తి మొత్తుకున్నారు. అది ఏ కాటా అని నన్ను అడగకండి.

సాయంత్రం తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది.

"ఝాన్సీ గారేనాండీ? నేను రమణని."

నా నోరెక్కువన్న వాళ్లు ఆ క్షణం నన్ను చూసుండాల్సింది. ఒక్క మాట బయటికి రాలేదు.

"మంగళవారం మీ ఇంటికి వొచ్చింది మేం నలుగురమే కదండీ?"

"అ... అవునండీ."

"లారీ డ్రైవర్లు కూడా వొచ్చినారని ఇక్కడ సెప్పుకుంటన్నారు. మా కన్నా ముందొచ్చినారా, ఎనకాల వొచ్చినారా అని అడుగుదామని."

ఇంక దాచేదేముంది? బటను దగ్గర్నుంచి పైడమ్మ స్టూలు దాకా ఏడుస్తూ మొత్తం చెప్పేశాను. అవతల ఫోను దూరంగా జరిపిన చప్పుడైంది. సంబంధం పోయిందనుకున్నాను. తర్వాత వినిపించింది, అతను నవ్వాపుకోలేక ఫోను దూరంగా పెట్టుకున్నాడు. వెనకాల ఇంకో గొంతు కూడా నవ్వుతోంది, ఆడగొంతు.

"మా అమ్మండీ. పక్కనే ఉన్నాది, అంతా విన్నాది. తన సంబంధం పోయినా పరవాలేదు, ఆ ఇల్లాలి కాపురం నిలబడాలని నిజిం సెప్పీసినారు కదా, ఆ పిల్లే కావాలంటన్నాది. మా ఇంట్లో అందరికీ ఇష్టమేనండీ. ఒక్క షరతు మాత్రం పెట్టినాది."

"ఏటండీ?"

"పెళ్లయినాక మీ ఆపీసులో ఇంటి నంబరు అడిగితే, తన నంబరు మాత్రం ఇవ్వొద్దంటన్నాది. మా నాన్న గారికి ఈ వయసులో పెళ్లిసూపులొస్తే తను తట్టుకోలేదంట."

కాబట్టి పాఠక మహాశయులారా, సాలూరు లారీ యార్డు సాక్షిగా, పైడమ్మ అన్నదమ్ముల కర్రల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇంకోసారి పెళ్లిచూపులకి కూర్చోను. మా ఆయన చేత కూడా అదే ప్రమాణం చేయించాను, పైడమ్మ ఎదురుగా.