స్క్రమ్‌కు ముందు బగారన్నం

ఆటలోకి కులాన్ని ఎందుకు లాగుతారని నన్ను అడుగుతున్నారు కదా, అది ఆటకు బయట ఉండిపోయిన రోజు ఒక్కటైనా మీరు చూపించగలరా? పోయిన ఆదివారం టీవీలో రగ్బీ లీగ్ మ్యాచ్ వస్తోంది. ఇటు ఆరుగురు, అటు ఆరుగురు తలలు వంచి, ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని దున్నపోతుల్లా నెట్టుకుంటున్నారు. దాన్ని స్క్రమ్ అంటారు. ఒక పొట్టివాడు వాళ్ళ కాళ్ళ మధ్యకు బంతి దొర్లించి, చుట్టూ పరుగెత్తి వెనకనుంచి దాన్ని అందుకున్నాడు. "అచ్చం మా తమ్ముడే!" అంది మా ఆవిడ, గరిటె చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి. ఆ ఆటగాడు తెల్లవాడు, పాతికేళ్ళవాడు. మా బావమరిదికి ఇప్పుడు మనవలున్నారు. అయినా ఆవిడ అన్నది నిజమే.

తొంభైలలో నేను ఖతర్‌లోని మెసయీద్‌లో ఒక కంపెనీ స్టోర్సులో గుమాస్తాని. మాది తెనాలి పక్క, ఆవిడది కరీంనగర్ జిల్లా. ఆవిడ మాదిగ కుటుంబంలో పుట్టింది. మా పెళ్ళిని సభల్లో అందరూ నా ఆదర్శం అన్నారు, నేను నా అదృష్టం అన్నాను. ఆవిడ తమ్ముడు అదే కంపెనీలో ఇనుప గొట్టాలతో పరంజా కట్టే స్కాఫోల్డింగ్ పని చేసేవాడు. శుక్రవారం సాయంత్రాలు క్యాంపు వెనక ఇసుకలో మనవాళ్ళు కబడ్డీ ఆడేవారు. యార్క్‌షైర్ నుంచి వచ్చిన మా ఫోర్‌మన్ ఒకరోజు అటు వచ్చి, అయిదుగురి చేతుల్లోంచి మా బావమరిది చేపలా జారిపోవడం చూశాడు. ఆ ఎర్రటి మొహంలో అంత ఆనందం నేను మళ్ళీ జీతాల రోజున కూడా చూడలేదు. అలా ఆ కబడ్డీవాళ్ళంతా కంపెనీ రగ్బీ జట్టులోకి వచ్చారు, మావాడు స్క్రమ్‌లోకి బంతి దొర్లించే స్క్రమ్ హాఫ్ అయ్యాడు.

మొదటి ప్రాక్టీసు చూడాల్సిందే. మావాణ్ణి ఎవరో పట్టి పడేశారు. వాడు లేచి, బంతి బుద్ధిగా నేలమీద పెట్టి, గీత బయటికి వెళ్ళి కూర్చున్నాడు. "ఏమైందిరా?" అన్నాను. "దొరికిన గద బావా, ఔటైన" అన్నాడు. ఆ తర్వాత పట్టుబడ్డవాళ్ళు, చెయ్యి తగిలినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పక్కన కూర్చున్నారు. రెండు జట్ల తెలుగువాళ్ళూ నిజాయితీకి పెట్టింది పేరు. పావుగంటలో మైదానం ఖాళీ. నడిమధ్యన ఫోర్‌మన్ ఒక్కడే ఈల నోట్లో పెట్టుకుని నిలబడ్డాడు. దొరికితే చచ్చినట్టు కాదనీ, లేచి బంతిని కాలితో వెనక్కి తోసి మళ్ళీ ఆడాలనీ వాళ్ళకు ఎక్కించడానికి ఆయనకు ఒక చలికాలం పట్టింది. ఎక్కాక మావాణ్ణి ఆపేవాడు లేడు. "యల్లా! నూకుండ్రి! అరే, బర్రెల లెక్క నిలబడ్డరేంది?" అని వాడు అరబ్బీ, ఊరి మాట కలిపి అరిస్తే, స్క్రమ్ ముందు వరసలో ఉన్న వాళ్ళ ఊరి పటేలు కొడుకు కూడా మారుమాట లేకుండా నెట్టేవాడు. ఊళ్ళో ఈ పటేలు ఇంటి వాకిట్లో మావాడి తండ్రి చెప్పులు చేతిలో పట్టుకుని నడిచినవాడు.

కానీ క్యాంపు వంటగదిలో వేరే చట్టం. పటేలు కొడుకూ, అతని జతవాళ్ళూ ఒక గిన్నె. మావాడు మూలన తన స్టవ్వు మీద ఒక్కడే. దోహా జట్టుతో పెద్ద మ్యాచ్ వచ్చింది. మావాడు తన ఏడో నంబరు జెర్సీని తలకింద పెట్టుకుని పడుకునేంత ఆశపడ్డాడు. మ్యాచ్ రోజు ఉదయం నేను వంటగదిలో అరగంట ఉపన్యాసం ఇచ్చాను. వర్ణవ్యవస్థ పుట్టుక దగ్గర మొదలుపెట్టాను. అందరూ శ్రద్ధగా విన్నారు. "మస్తుగ చెప్పినవ్ సార్" అని ఎవరి కంచం వాళ్ళు తీసుకుని వెళ్ళిపోయారు.

సాయంత్రం మావాడు మైదానానికి పెద్ద గిన్నెతో వచ్చాడు. బగారన్నం, మటన్. దాని పక్కనే చతికిలబడి బూట్ల జోలికి పోలేదు.

"లే తమ్మీ, టైమైతుంది" అన్నాడు పటేలు కొడుకు.

"నా చేతిలకెల్లి బంతి గుంజుకుంటరు, బువ్వ ముట్టరు. ఇదేం ఆట? మీరు తింటెనే ఆడుత."

"వాట్ ప్రాబ్లం?" అంటూ ఫోర్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

"ఖానా ప్రాబ్లం, సార్" అన్నాడు మావాడు.

ఆయనకేం అర్థమైందో కానీ గడియారం చూపించాడు. ఈల వేసేలోపు రాకపోతే ఆ చోటు ఇంకొకడికి ఇస్తానన్నాడు, ఇక ఎప్పటికీ. మావాడి చూపు బూట్ల మీదికి పోయింది. అయినా లేవలేదు.

పటేలు కొడుకు గిన్నె వైపు చూశాడు, తన వాళ్ళ వైపు చూశాడు. "కడుపు నింపుకుంటే ఉరుకుడెట్లరా?"

"ఒక్క ముద్ద సాలు."

అతను ఇసుకలో మోకాళ్ళమీద కూర్చున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "ఉప్పు తక్కువైంది" అన్నాడు. "నీ ఇంట్లకెల్లి ఉప్పు కూడ తెప్పియ్యాల్నా?" అన్నాడు మావాడు. ఎవరో ఫక్కున నవ్వారు. ఇక చేతులన్నీ గిన్నెలోనే. ఫోర్‌మన్ కూడా ఎముక ఒకటి చప్పరించి, ఈల సంగతి మరిచిపోయాడు.

ఆ మ్యాచ్ చిత్తుగా ఓడిపోయాం. మొదటి స్క్రమ్‌లోనే మావాళ్ళ తేన్పులకు దోహావాళ్ళు తలలు తిప్పుకున్నారు. అంత సంతోషంగా ఓడిన జట్టును నేనెక్కడా చూడలేదు. మర్నాటినుంచి వంటగదిలో ఒకటే గిన్నె. భుజం విరిగేవరకు, ఇంకా కొన్ని చలికాలాలు మావాడు ఆడాడు, చాలాసార్లు గెలిపించాడు కూడా.

కాలమే అన్నీ మారుస్తుందని చాలామంది ఓపిగ్గా కూర్చుంటారు. కాలానికి చేతులు లేవు. ఎన్నేళ్ళు గడిచినా అది ఒక్క ముద్ద కూడా ఎత్తలేదు. మీ ఊళ్ళో ఏ ఇంట్లో మీరు ఇంతవరకు మంచినీళ్ళు కూడా తాగలేదో మీకు తెలుసు. ఈ ఆదివారం ఆ ఇంటికి వెళ్ళండి. అన్నం పెట్టమని అడగండి.