ఫిట్టర్ మహేందర్ కుడిచెయ్యి

2022 వేసవి. పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని ఒక మందుల ఫ్యాక్టరీలో నేను హెచ్.ఆర్. ఆఫీసర్‌ని. మనుషుల్ని పనిలోకి తీసుకోవడం, తీసేయడం రెండూ నా బల్ల మీదే జరుగుతాయి.

మహేందర్ మా దగ్గర ఫిట్టర్. పైపులు, పంపులు విప్పి బిగించే పని. లక్డారం నుంచి వచ్చేవాడు. పంపు మీద చెయ్యి పెట్టి, అదురును బట్టి ఏ బేరింగ్ పోయిందో చెప్పేవాడు. అతను టెరిటోరియల్ ఆర్మీలోనూ ఉన్నాడు. అది సైన్యానికి రిజర్వు దళం. ఉద్యోగం చేసుకుంటూనే ఏటా శిక్షణకు వెళ్లాలి, పిలిస్తే యూనిఫాం వేసుకోవాలి. ఆ పిలుపును ఎంబాడీమెంట్ అంటారు. తిరిగొచ్చాక పాత ఉద్యోగం ఇవ్వాలని చట్టం.

అలా పిలుపు మీద కొండల్లోకి వెళ్లిన మహేందర్ ఆ వేసవిలో తిరిగొచ్చాడు. మంచు దెబ్బకు కుడిచేతి మూడు వేళ్లు తీసేశారు.

"ఫౌజ్‌ల ఇగ పనికి రానన్నరు సార్," అన్నాడు నా ముందు కూర్చుని. "డ్యూటీల ఎప్పుడు చేరాలె?"

ప్లాంట్ హెడ్ ససేమిరా అన్నారు. "సెక్యూరిటీలో వేయండి. సైనికుడు కదా, గేటు దగ్గర బాగుంటాడు."

ఆ మాట చెప్పగానే మహేందర్ ముఖం మాడిపోయింది. "ఫౌజీ అంటే గేటు కాడ నిలబడేటోడేనా సార్? నేను ఫిట్టర్ని. జెర ఒక్కసారి చేసి సూపెట్టనియ్యిండ్రి."

వర్క్‌షాప్‌లో పాత పంపు ఒకటి చూపించాం. ఎడమచేత్తో స్పానర్ పట్టి, మిగిలిన రెండు వేళ్లతో నట్టు ఆపబోయాడు. నట్టు జారింది. మళ్లీ పట్టాడు. స్పానర్ తిరగబడి మెటికలు చీరుకున్నాయి. తోటి ఫిట్టర్లు తలలు తిప్పుకున్నారు. అతనే స్పానర్ తుడిచి బల్ల మీద పెట్టి, "అయితలేదు సార్," అన్నాడు.

చట్టం చూపించి పోరాడి, అదే జీతంతో స్టోర్స్‌లో ఉద్యోగం ఇప్పించాను. పనిముట్లు ఇచ్చి పుచ్చుకునే చోటు. ఆ రోజు గెలిచాననుకున్నాను.

దసరా దాటాక రాజీనామా చేస్తానంటూ వచ్చాడు. కారణం అడిగాను.

"మీరిచ్చిన పనిల తప్పేం లేదు సార్. కానీ పొద్దంత స్పానర్లు ఒకరికి అందిచ్చుడే. గా పంపు మోత ఇనబడుతనే ఉంటది. ఏం పోయిందో నాకు తెలుస్తది. పోయి పట్టలేను."

"ఇంట్లో ఏమంటున్నారు?"

"మా ఇంటామె కవిత గుమ్మడిదల దిక్కు కంపెనీల ప్యాకింగ్‌కు పోతున్నది. ఇగ నేనే ఇంట్ల కూసుంట."

సేఫ్టీ కోర్సు, ఇంకేదైనా శిక్షణ అంటూ ఎన్నో చెప్పాను. వింటూ ఉన్నాడు. మరుసటి రోజు నుంచి రాలేదు. తర్వాత రెండుసార్లు ఫోన్ చేస్తే కవితే ఎత్తింది. మాట్లాడనంటున్నాడని చెప్పింది.

చట్టం కుర్చీని తిరిగి ఇప్పిస్తుంది, చేతిలోని పనిని ఇప్పించలేదు. ఇప్పుడు రిజర్వు దళంలో చేరతామని నా దగ్గరికి అనుమతికి వచ్చే కుర్రాళ్లను, ఇక్కడ చేస్తున్న పని చేయలేని రోజొస్తే ఇంకేం చేస్తారని ముందే అడుగుతున్నాను. అపశకునం పలికానని కొందరు కోప్పడతారు. పడనిస్తాను.