కళాయి రవూఫ్ గొంతు

బెంజ్ సర్కిల్ దగ్గర ఆ డీటీపీ సెంటర్లో పనిచేసిన వాళ్ళెవరినైనా కరిముల్లా సంగతి అడగండి, ముందు నవ్వేస్తారు. పొద్దున్నే టీ అయినా తాగకుండా మూలగదిలో లినక్స్ కంప్యూటర్ ముందు చేరేవాడు. డిస్కు ఎంత నిండింది, మెమరీ ఏది మింగేస్తోంది, అన్నీ చూసి గోడమీద సుద్దతో రాసేవాడు. ఆపైన పెట్టెకి చెవి ఆనించేవాడు. "నాడి చూస్తున్నాడ్రోయ్ హకీంగారు!" అని అందరూ ఏడిపించేవాళ్ళు. అబ్బ, ఎంత హాయి రోజులండీ అవి!

ఆ డిస్కులోనే మాణిక్యమ్మగారి పుస్తకం ఉండేది. రిటైరైన తెలుగు టీచరు ఆవిడ. నాలుగేళ్ళు డెల్టా ఊళ్ళన్నీ తిరిగి చేతిపనుల వాళ్ళు వాడే మాటలు, వాటి అర్థాలు, పనిముట్ల ఫొటోలు పోగేశారు. గిన్నెలకి కళాయి పోసే అబ్దుల్ రవూఫ్ మాటలూ అందులో ఉన్నాయి. ఆయన కరిముల్లా తండ్రే. ఆయన చెబుతుండగా తీసిన క్యాసెట్టుని కరిముల్లా కంప్యూటర్లోకి ఎక్కించుకున్నాక, ఆవిడ దానిమీదే ఇంకొకరిని రికార్డు చేసేశారు. మరుసటేడు రవూఫ్ పోయాడు. ఇక ఆ గొంతు మిగిలింది ఆ డిస్కులోనే.

2001 దసరా ముందు డిస్కు మూలగడం మొదలెట్టింది. "దీన్ని మాత్రం ఆపొద్దండీ, ఆగితే మళ్ళీ తిరగదు" అని ఓనరు వెంకటప్పయ్యకి కరిముల్లా లక్షసార్లు చెప్పాడు. కాపీ తీద్దామంటే పక్క కంప్యూటర్లన్నీ పండగ పాంప్లెట్లతో కిక్కిరిసి ఉన్నాయి. పండగెళ్ళాక చూద్దాంలే అనుకున్నాడు. అదే అతను చేసిన తప్పు.

వెంకటప్పయ్యకి ఆచారం పట్టింపు. ఆయుధపూజ నాడు కత్తెర కూడా కదలకూడదంటాడు. కరిముల్లా రాకముందే పెట్టెకి పసుపూ కుంకుమా పెట్టి, దండ వేసి, "దీనికి మాత్రం ఒక్కపూట విశ్రాంతి వద్దటయ్యా" అంటూ స్విచ్చి ఆపేశాడు.

మర్నాడు డిస్కు తిరగలేదు. కబురు విని మాణిక్యమ్మగారు పరుగున వచ్చారు. కరిముల్లా డిస్కు ఊడదీసి, అరచేతుల మధ్య వెచ్చబెట్టి, మణికట్టుతో ఒక్క విసురు తిప్పి మళ్ళీ తగిలించాడు. యా అల్లా, తిరిగింది! కానీ ఆ మూలుగు వింటే అట్టేసేపు ఉండదని అతనికి తెలిసిపోయింది.

తెరమీద రెండు ఫోల్డర్లు. ఒకటి ఆవిడది, ఒకటి నాన్నది. ముందు ఏది తీసినా రెండోది దక్కకపోవచ్చు. పక్క కంప్యూటర్లో పండగ పాంప్లెట్లు చెరిపేసి, ఆవిడ పుస్తకమే ముందు కాపీకి పెట్టాడు. గంట పట్టింది. అది పూర్తిగా వచ్చాక నాన్న ఫోల్డర్ తెరవబోయాడు. టక్, టక్, టక్. అంతే, ఆగిపోయింది.

మాణిక్యమ్మగారు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. నాన్న గొంతు పోయిన సంగతి ఆవిడకి తెలియనివ్వలేదు అతను. గోడమీద ఆ రోజు సుద్దరాత లేదు.

మూడేళ్ళకి పుస్తకం అచ్చయింది. "మీ నాన్న మాటలు ఆయన చెప్పినట్టే వేశాను నాయనా" అంటూ ఆవిడ ఒక కాపీ చేతిలో పెట్టారు. కరిముల్లా మూలగదిలోకి వెళ్ళి వెతుక్కున్నాడు. "నవసాగరం (కళాయి పోసేటప్పుడు చల్లే ఉప్పు): చిటికెడు చల్లి తుడిస్తే చాలు, గిన్నె తెల్లగా నవ్వుద్ది. చెప్పినవారు రవూఫ్."

పైకి చదివాడు. మళ్ళీ చదివాడు, ఈసారి నాన్నలాగా 'నవ్వుద్ది' దగ్గర కాస్త సాగదీసి. అచ్చం ఆయన గొంతే. మూడేళ్ళుగా దిగమింగుకున్న ఏడుపు అప్పుడు ఏడ్చాడు కరిముల్లా.