పదహారో గడి

ఆయన పత్తి రైతు. ఆదివారాల్లో ఆళ్లగడ్డ నుంచి బస్సెక్కి నంద్యాలలో మా వీధి వీడియోగేమ్ దుకాణానికి వచ్చేవాడు. రెండు వేర్వేరు ఆటల వస్తాదులు ఒకే తెరమీద తలపడే ఆట మాకు ప్రాణం. అందులోకి మన సీమ నుంచి ఎవరిని అతిథులుగా దింపాలన్నదే ఎప్పుడూ మా వాదన. నేను నోటుబుక్కులో పదహారు గడులు గీసి, ఒక్కొక్కరి బలానికి, వేగానికి మార్కులు వేసేవాణ్ణి.

"యాగంటి బసవన్నకు బలం వందకు వంద," అన్నాను ఒకసారి.

"ఆయన లేచేది కలియుగం అయిపోయినాక గదా! అంతవరకూ నీ రూపాయి బిళ్లకు ఆట నిలబడతాదా?" అని నవ్వి, అలవాటుగా అడిగాడు. "సరే, ఓడిపోతే ఏం జేస్తాడప్పా?"

ఎవరి పేరు చెప్పినా అదే ప్రశ్న. ఓడినాక ఎట్లుంటాడో తెలియనోణ్ణి ఆటలోకి తీసుకోకూడదనేవాడు. నల్లమల విలుకాడి గడిలో మాత్రం జవాబు తనే రాశాడు.

పదిహేను గడులు నిండాయి. ఆ ఏడు ఆయన పత్తిని పచ్చపురుగు తినేసిందని నాకు తెలుసు. అయినా తమాషాగా, "పదహారోది నీకేలే అన్నా," అన్నాను.

ఆయన నవ్వలేదు. "నేను ఓడిపోతే ఏం జేస్తానో నాకే తెల్దప్పా."

నేను తలెత్తకుండా బలానికి డెబ్బై, వేగానికి నలభై వేశాను.

రెండు వారాలకు ఆయన బామ్మర్ది దుకాణానికొచ్చాడు. "మా బావ ఈడికేమన్నా వచ్చినాడా? ఇల్లిడిసి తొమ్మిది దినాలాయ."

ఇప్పటికీ ఆయన జాడ లేదు. నోటుబుక్కు నా దగ్గరే ఉంది. విలుకాడి గడిలో "విల్లు దించి అడవిలోకి పోతాడు" అని ఆయన చేతిరాత. ఆయన గడిలో నా అంకెలు రెండే.